నొసట రెండు వేళ్ళు

మదురై,
ఫిబ్రవరి 3

అత్తకు,

యువరాణి రాసేది. నాన్న, అమ్మ, నేను బాగున్నాం. నీ చెవి నొప్పి తగ్గిందా అని అమ్మ అడగమంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ సెమిస్టర్‌లో నాకు సెమియోటిక్స్ అని ఒక పేపర్ ఉంది. గుర్తుల గురించిన చదువు. ఒకటి చూస్తే ఇంకొకటి మనకు ఎట్లా తెలుస్తుంది అనేది అందులో సంగతి. పొగ కనిపిస్తే నిప్పు ఉందని తెలుస్తుంది, ఎర్ర దీపం కనిపిస్తే బండి ఆపాలని తెలుస్తుంది, ఇట్లాంటివి. క్లాసులో ఇరవై ఒక్క మందిమి. ఒక్కొక్కరూ పది నిమిషాలు నిలబడి ఒక గుర్తు గురించి మాట్లాడాలి. ఇరవై అయిదు మార్కులు. నేను ట్రాఫిక్ దీపాలు అని రాసి ఇచ్చాను. ఇంకో ఏడుగురు కూడా ట్రాఫిక్ దీపాలే రాశారు. పాంచాలి మేడమ్ ఎనిమిది కాగితాలూ కలిపి చించేసింది. "మదురైలో ట్రాఫిక్ దీపాన్ని ఎవరైనా లెక్క చేస్తారా? మీ ఇంట్లోది, మీ వీధిలోది, పుస్తకంలో లేని గుర్తు ఒకటి తీసుకురండి" అంది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పుడు సెలవులకు నేను అన్నూరు వస్తే, మరమగ్గాల షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళూ నువ్వూ వీధి కొళాయి దగ్గర ఒక్క మాట లేకుండా చేతులతోనే అరగంట మాట్లాడుకునేవారు. మగ్గాల చప్పుడులో గొంతు వినపడదు కనుక చేతులకు మాట అలవాటయిందని నాన్న చెప్పాడు. ఆ గుర్తులు నాకు కావాలి. ఏ గుర్తుకు ఏ అర్థమో వరసగా రాసి పంపు.

ఇంకొకటి. అన్నానికి పిలిస్తే నువ్వు తల ఎత్తకుండానే నొసట రెండు వేళ్ళు పెట్టేదానివి. నీకు ఎప్పుడూ తలనొప్పి అనుకునేదాన్ని. అది కూడా గుర్తేనా?

నా వంతు అందరికంటే చివర, మార్చి 24న. ఇది పోతే పేపర్ పోయినట్టే. ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే నీ బటన్ ఫోన్‌లో తెలుగంతా పెట్టెలు పెట్టెలుగా వస్తోందని తిట్టావు. అందుకే కాగితం. నువ్వు పలక మీద దిద్దించిన అక్షరాలే, తప్పులుంటే అవి నీవే.

యువరాణి


అన్నూరు,
ఫిబ్రవరి 11

రాణికి,

తంగమ్మాళ్ అత్త రాసేది. చెవి నొప్పి పోయింది. చెవే పోయినాక నొప్పి ఎక్కడ ఉంటాదని మీ అమ్మతో చెప్పు.

పొగ చూసి నిప్పు ఉందని తెలుసుకునేదానికి ఎమ్మే చదవాలనా? మా కాలంలో అది ముక్కుతోనే తెలిసేది. మీ నాన్న మూడు షిఫ్టులు బండి తోలి నిన్ను చదివించేది దీనికా అని మీ బావ శబరి అడిగినాడు. నిన్నే అడగమని చెప్పినాను.

మరమగ్గం అని పుస్తకం మాట రాసినావు. మేము తరి అనే అంటాము. ఇరవై నాలుగు తరులు ఒక రేకుల షెడ్డు కింద ఆడుతూ ఉంటే ఎట్లా ఉంటాదో నువ్వు ఒక్క పొద్దు నిలబడితే తెలుస్తాది. నేను ఇరవై రెండేళ్ళు నిలబడినాను.

గుర్తులు అడిగినావు గదా. చెయ్యి ఇట్లా తిప్పితే పేక దారం అయిపోయింది, కండె మార్చాలి అని. ఇట్లా పెడితే పడుగు దారం తెగింది అని. ఇట్లా అంటే నీళ్ళు తాగి వస్తాను, నా తరి కూడా చూసుకో అని. మీసం తిప్పితే మేస్త్రి వస్తున్నాడు అని. కళ్ళు మూసి చూపిస్తే కరెంటు పోయేటట్టుంది అని. ఇంకా కొన్ని ఉన్నాయి, మరిచిపోయినాను.

నొసట వేళ్ళు పెట్టేది తలనొప్పికే. గుర్తు కాదు.

మిగతావి నాతో షెడ్డులో పనిచేసిన వీరాయిని అడుగు అని మీ నాన్న నీతో చెప్పినా చెప్తాడు. ఆ పేరు నా దగ్గర ఎత్తవద్దు. నా ఎడమ చేతి రెండు వేళ్ళు పోయింది ఆమె వల్ల. నేను తరి వెనక ఉండగానే, అడగకుండా ముందర తరిని నడిపే పిడి లాగింది. పంతొమ్మిదేళ్ళు అయింది. సంతలో ఎదురుపడితే ఇద్దరమూ పక్క వీధికి తిరిగిపోతాము.

తంగమ్మాళ్


మదురై,
ఫిబ్రవరి 16

అత్తకు,

నీ ఉత్తరం పట్టుకుని తల బాదుకున్నాను. ‘చెయ్యి ఇట్లా తిప్పితే’ అని రాశావు. ఎట్లా తిప్పితే? ‘ఇట్లా పెడితే’ అన్నావు. ఎక్కడ పెడితే? నువ్వు ఒక చేత్తో చేసి చూపిస్తూ ఇంకో చేత్తో రాసినట్టున్నావు. చేసింది అన్నూరులో ఉండిపోయింది, ‘ఇట్లా’ ఒక్కటే తపాలాలో వచ్చింది. ఏ చెయ్యి, అరచెయ్యి ఏ పక్కకు, వేళ్ళు ముడిచా చాచా, ఇవన్నీ రాయాలి. లేకపోతే శబరి బావ ఫోన్‌లో వీడియో తీసి పంపమను.

ఇక్కడ క్లాసులో మాట్లాడటాలు మొదలయ్యాయి. మొదటి నలుగురు చదివింది చదివినట్టు అప్పజెప్పారు. మేడమ్ "అర్థమయిందా?" అని అడిగినప్పుడల్లా ఇరవై ఒక్క తలలూ ఊగాయి. నాదీ ఊగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కన కాళి, అదే మా వీధి పిల్ల, నాతో బస్సులో వస్తుందే, అది "నీకైనా తెలిసిందా?" అని అడిగింది. "నీకు?" అన్నాను. "నువ్వు ఊపావని నేను ఊపాను" అంది.

అయిదోది దర్శిని. దాని మామయ్య బస్సు కండక్టర్. ఈల గురించి మాట్లాడింది. ఒక ఈల వేస్తే ఆగు, రెండు వేస్తే పో. ఈల తెచ్చి క్లాసులోనే ఊదింది. పక్క క్లాసు లెక్చరర్ వచ్చి తిట్టిపోయాడు. మేడమ్ మాత్రం కదలకుండా అడిగింది: "రెండు ఈలలు వేశాడు సరే. డ్రైవర్ విన్నాడని కండక్టర్‌కు ఎట్లా తెలుస్తుంది?" దర్శిని "బస్సు కదులుతుంది గదా మేడమ్" అంది. ఆ ఒక్క ప్రశ్నకే నాకు పేపర్ కొంచెం తెలిసింది. నెలగా చదివిన పుస్తకంలో తెలియలేదు.

వీరాయమ్మ సంగతి నేను ఎత్తను. కానీ నువ్వు సరిగ్గా రాయకపోతే నేను ఎవరిని అడగాలి?

యువరాణి


అన్నూరు,
ఫిబ్రవరి 22

రాణికి,

వీడియో తీసినాము. శబరి వారానికొకసారి తిరుప్పూరు నుంచి వస్తాడు. వచ్చిన పూట నిద్రపోనివ్వకుండా లేపినాను. "చెయ్యి పైకెత్తు అమ్మా, దించు అమ్మా, మొహం కోపంగా పెట్టవద్దు అమ్మా" అని పెళ్ళి ఫోటోవాడి మాదిరి చంపినాడు. తీసినాక చూస్తే సగం వాడి బొటనవేలే ఉంది. మిగతా సగంలో మా ఎదురింటి మేక ఉంది. మళ్ళీ తియ్యమంటే ఛార్జు లేదన్నాడు. నిద్రపోయినాడు.

అందుకని బొమ్మలు గీసి పంపుతున్నాను. వంకాయల మాదిరి వచ్చినాయి. ఒక్కొక్క వంకాయ కింద ఏదో రాసినాను, చూసుకో. పదకొండు ఉన్నాయి. చెయ్యి సరిగ్గా రావటం లేదని, చివరికి కాగితం మీద చెయ్యి పరిచి చుట్టూ పెన్సిలు తిప్పినాను. అది అరచెయ్యి ఎంత వెడల్పు చాచాలో తెలిసేదానికి.

ఆ దర్శిని పిల్ల మామయ్య నిజమైన కండక్టరేనా? డ్రైవరు అద్దంలో చూస్తాడు, తల ఆడిస్తాడు. బస్సు కదిలేదాకా కాచుకుంటే ఎక్కే ముసలిది కింద పడుతాది.

ఇంతకంటే నన్ను అడగవద్దు. వేరే పని ఉంది.

తంగమ్మాళ్


మదురై,
ఫిబ్రవరి 27

అత్తకు,

వంకాయలు అందాయి. పదకొండులో ఎనిమిది తెలిశాయి. ఆ చెయ్యి ఉన్న కాగితం చూసి కాళి "మూడు వేళ్ళ గుర్తుకు అర్థం ఏమిటి?" అని అడిగింది. కుడి చేత్తో పెన్సిల్ పట్టుకుని ఎడమ చెయ్యి పరిచినట్టున్నావు. "అది గుర్తు కాదు, మా అత్త చెయ్యి" అన్నాను. అది సారీ సారీ అని బస్సు దిగేదాకా ప్రాణం తీసింది.

కాళి కూడా మాట్లాడింది. మాట్టుతావణి మార్కెట్‌లో ఉల్లి బస్తాల మీద వేసే రంగు గుర్తుల గురించి. ఖాళీ బస్తా ఒకటి తెచ్చి విదిలించింది. ఫ్యాన్ గాలికి ఉల్లిపొట్టు క్లాసంతా ఎగిరింది. మేడమ్ జుట్టులో చిక్కుకున్న పొట్టు సాయంత్రం దాకా ఉంది, చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కానీ ఆ మాట్లాడటం బాగుంది. చదువురాని హమాలీ ఒక్క బస్తా కూడా తప్పు కొట్టులో దించడట. 

అసలు రాయాల్సింది జెబరాజ్ గురించి. దిండిగల్ పిల్లవాడు. వాళ్ళ నాన్న రైలు గేటు కాపలా. రైలు వస్తోందని స్టేషన్ నుంచి ఫోన్ వస్తే, ఈయన గేటు వేసి, తన దగ్గరి పుస్తకంలోంచి ఒక నంబరు చెప్పాలట. సరే అంటే చాలదు, వేశాను అన్నా చాలదు. ఆ నంబరు వినేదాకా అక్కడ సిగ్నల్ ఇవ్వరు. ఎవరో "నంబరు చెప్పని గేటుమనిషి ఉంటే?" అని అడిగితే జెబరాజ్ అన్నాడు: "చెప్పకపోతే రైలు ఆగుతుంది, అంతే. మా నాన్నకు వాడంటే భయం లేదు. గేటు వెయ్యకముందే అలవాటుగా నంబరు చెప్పేసేవాడంటేనే భయం."

ఇంటికి వచ్చి నీ పదకొండు వంకాయలూ మళ్ళీ చూశాను. అన్నీ అడిగేవే, చెప్పేవే. ఒక్క జవాబు లేదు. ముందరి మనిషికి వెనక మనిషి సరే అని ఎట్లా చెప్పేది? చూశాను అని ఎట్లా తెలిసేది? ఆ గుర్తు ఒకటి ఉండాలి, అత్తా. అది లేకుండా షెడ్డు నడవదు. అది నువ్వు రాయలేదు. నొసట వేళ్ళు అదేనా?

యువరాణి


అన్నూరు,
మార్చి 3

రాణికి,

జవాబు గుర్తంటూ ఏమీ లేదు. ఉన్నవి పంపినాను. వాటితో చెప్పుకో, లేకపోతే ట్రాఫిక్ దీపాలే చెప్పుకో. ఇక ఈ సంగతి రాయవద్దు.

తంగమ్మాళ్


మదురై,
మార్చి 7

అత్తకు,

నాలుగు వాక్యాలు రాయటానికి స్టాంపు దండగ చేశావు.

నాకు మిగిలింది పదిహేడు రోజులు. మేడమ్‌కు నిన్న నా కాగితాలు చూపించాను. "ఇది సగమే ఉంది. రెండో మనిషి ఎక్కడ?" అంది. ఒక్క మనిషి చెప్పిన గుర్తు సగం గుర్తేనట. నువ్వు తరి వెనక నుంచి చూసినవి చెప్పావు. ముందర నిలబడిన మనిషి చూసినవి నాకు తెలియవు.

అందుకని చెప్పి చేస్తున్నాను, చెప్పకుండా కాదు. వచ్చే ఆదివారం, 16వ తేదీ, పొద్దున బస్సుకు వస్తాను. వీరాయమ్మ కరువలూరులో ఉందని శబరి బావ చెప్పాడు. పోయి అడుగుతాను. నువ్వు వాకిట్లో అడ్డంగా పడుకున్నా దాటుకుని పోతాను. మీ గొడవలో నేను తలదూర్చను. చేతులు ఎట్లా తిప్పాలో అడిగి వచ్చేస్తాను.

ఇన్నేళ్ళూ నువ్వు ఆమె మీద కోపంగా ఉన్నావు, సరే. నా మీద ఎందుకు కోపం? జవాబు గుర్తు ఏది అని అడిగితే ఎందుకంత ఎగిరిపడ్డావు?

యువరాణి


అన్నూరు,
మార్చి 12

రాణికి,

ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. ఆదివారం నువ్వు వచ్చేది రా. కాని ఇది చదివినాక రా.

జవాబు గుర్తు ఉంది. నొసట రెండు వేళ్ళు పెట్టేదే అది.

తరిలో పడుగు తెగితే ఒకరు వెనక కూర్చుని దారాలు ముడెయ్యాలి. ముందర ఇంకొకరు నిలబడాలి. ముడేసినాక, ముందరి మనిషి అరచెయ్యి పైకెత్తి అడగాలి, నడపనా అని. వెనక మనిషి చేతులు రెండూ బయటికి తీసి, ముందరి మనిషి మొహం చూసి, నొసట రెండు వేళ్ళు పెట్టాలి. చూసినాను, నడుపు అని దానికి అర్థం. అది కనపడినాకనే పిడి లాగాలి.

ఆ పొద్దు ఆరో నంబరు తరి. నేను వెనక, వీరాయక్క ముందర. తరి పక్కన పళ్ళున్న ఇనప చక్రాలు ఉంటాయి. వాటి మూత ఎప్పుడో ఊడిపోయింది, మళ్ళీ పెట్టలేదు. నేను ఒక దారం అందక ఎడమ చెయ్యి చక్రాల పక్కన ఆనించి వంగినాను. వీరాయక్క అరచెయ్యి ఎత్తి అడిగింది. నేను ఆమె మొహం చూడలేదు. కంటి చివర ఏదో పైకి లేచినట్టు కనపడింది. నా కుడి చెయ్యి దానంతట అదే నొసటికి పోయింది. రోజుకు ఎన్నోసార్లు చేసే పని, చేతికి నన్ను అడిగే అవసరం లేకపోయింది. ఇంట్లో అన్నానికి పిలిచినా అదే పోతాది, నువ్వు చూసినావు గదా. వీరాయక్క జవాబు చూసి పిడి లాగింది. ఎడమ చెయ్యి ఇంకా లోపలే ఉంది.

ఆస్పత్రికి మేస్త్రి వచ్చినాడు. "అడగకుండా నడిపిందా?" అన్నాడు. అప్పటికే నాకు సగం వినపడదు, పెదవులు చూసి తెలుసుకున్నాను. ఔనని తల ఊపినాను. నొప్పిలో ఊపినాను అని నాకు నేనే చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. నొప్పి నెల రోజుల్లో పోయింది. ఆ తరువాత కూడా చెప్పలేదు.

ఆ వారమే ఆమెను పనిలోంచి తీసేసినారు. అన్నూరు చుట్టూ ఏ షెడ్డులోనూ చేర్చుకోలేదు. మనిషి చెయ్యి తీసినది అని పేరు పడింది. కరువలూరు పోయి తోటల్లో కలుపు తీసి బతికింది.

ఆ గేటు మనిషి మాట నువ్వు రాసినావే, అది చదివినాక రెండు రోజులు అన్నం పోలేదు. ఎవరో దిండిగల్ ఆయనకు నా సంగతి ఎట్లా తెలిసింది అని కోపం వచ్చింది. ఆ కోపంలోనే నీకు నాలుగు వాక్యాలు రాసినాను. తరువాత నువ్వు ఆదివారం వస్తాను అన్నావు. ఆమె నోటితో నువ్వు వినేదానికంటే నేను ముందర పోయేది మేలు అనుకుని సోమవారం బస్సెక్కినాను. నేను మంచిదాన్నయి పోలేదు, అది తెలుసుకో.

వీరాయక్క వాకిట్లో గోనె మీద కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుస్తూ ఉంది. ముసలిదయిపోయింది. నన్ను చూసి లేవలేదు. ఆమెకు కూడా చెవి మందమే. చేతులతోనే మాట్లాడుకున్నాము, చేతికి రానిది నోటితో అరిచినాము. వీధంతా గుంపు కూడింది.

"ఎవరు చచ్చినారు?" అంది మొదట.

"ఎవరూ చావలేదు. మా రాణి కాలేజీలో మన గుర్తులు చెప్పాలంట."

"మార్కుల కోసం వచ్చినావా? పంతొమ్మిదేళ్ళకు?"

"అందుకూ వచ్చినాను. అక్కా, ఆ పొద్దు నువ్వు అడిగినావు. నేను చూడకుండా నొసట వేళ్ళు పెట్టినాను."

కాయలు ఒలవటం ఆపలేదు. "నాతో చెప్తావేమే? నేను అక్కడ లేనా? నీ ఎదురుగా నిలబడి కళ్ళతో చూసినాను. నాకు తెలియనిది ఏదైనా ఉంటే చెప్పు."

ఒలిచిన గుప్పెడు పక్కన పోసి, మళ్ళీ ఆమే అంది.

"నేను మేస్త్రితో చెప్పినాను. ఓనరుతో చెప్పినాను. ఇంటికి వచ్చి నా మొగుడితో చెప్పినాను. వాడు కూడా, నువ్వే ఇంకొకసారి చూసుకుని ఉండాల్సింది అన్నాడు. చచ్చేదాకా అదే అన్నాడు. నువ్వు ఒక్కసారి తల అడ్డంగా ఊపి ఉంటే అయిపోయేది. ఇప్పుడు, ఇది తెలిసిన దాన్ని నేను ఒక్కదాన్ని, నాతోనే చెప్పేదానికి బస్సెక్కి వచ్చినావు. తెలియనివాళ్ళతో చెప్పు, పో."

తరువాత అడిగింది, "ఆ పిల్ల ఎంతమంది ముందర చెప్తాది?" ఇరవై మంది, ఒక టీచరు అన్నాను.

"అయితే వాళ్ళతో చెప్పమను. వరస మారకూడదు. వీరాయి అడిగింది. తంగమ్మాళ్ జవాబు చెప్పింది. ఆ తరువాత వీరాయి నడిపింది. పేర్లు చెప్పాలి. ఎవరో ఒక ఆమె, ఇంకో ఆమె అని చెప్పేటట్టయితే ఇక్కడికి రావద్దను. పేర్లు చెప్పేటట్టయితే రమ్మను, గుర్తులన్నీ నేర్పిస్తాను. నీ కొడుకుతో మాత్రం నువ్వే చెప్పాలి."

నీళ్ళు కావాలా అని ఆమె అడగలేదు. నేనూ అడగలేదు. ఎండలో బస్సుకు నడిచి వచ్చినాను.

శబరికి శనివారం చెప్తాను. నీకు ఇప్పుడు చెప్పినాను. క్లాసులో నా పేరు చెప్పేది నీకు సిగ్గుగా ఉంటే ఆదివారం రావద్దు. సిగ్గుగా ఉన్నా చెప్పగలను అనుకుంటే రా.

తంగమ్మాళ్


మదురై,
మార్చి 26

అత్తకు,

సోమవారం అయిపోయింది. నీకు ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

16వ తేదీ ఆదివారం వీరాయమ్మ దగ్గర మూడు గంటలు నేర్చుకున్న ముప్ఫై నాలుగు గుర్తులూ చార్టు మీద గీశాను. నా వంకాయలు నీ వంకాయలకంటే ఘోరం. ప్రొజెక్టర్ పనిచెయ్యలేదు. పది నిమిషాల్లో మూడు నిమిషాలు ఆ వైరు పీకి ఈ వైరు పెట్టటానికే పోయాయి. చివరికి మేడమ్ "కరెంటు లేని షెడ్డు అనుకుని చెప్పు" అంది.

బెంచీనే తరి చేశాను. కాళిని ముందర నిలబెట్టాను. నేను వెనక నేల మీద కూర్చున్నాను. "ముందర ఉన్నది వీరాయి. వెనక ఉన్నది మా అత్త తంగమ్మాళ్" అని చెప్పాను. నిజం చెప్తున్నాను, ఇంటి దగ్గర రాసుకున్న కాగితంలో ‘ఒక కార్మికురాలు’ అనే ఉంది. బస్సులో కొట్టేసి పేర్లు రాశాను. కాళి అరచెయ్యి ఎత్తింది. నేను దాన్ని చూడకుండా, ఎడమ చెయ్యి బెంచీ కింద ఉంచి, నొసట రెండు వేళ్ళు పెట్టాను. కాళి పిడి లాగింది.

దర్శిని చెయ్యెత్తి "అయితే తప్పు ఎవరిది?" అని అడిగింది. మేడమ్ దానికి ఏదో పుస్తకం జవాబు చెప్పబోయింది. నేను మధ్యలో అడ్డుపడ్డాను. వీరాయి అడిగింది, తంగమ్మాళ్ చూడకుండా జవాబు చెప్పింది, ఆ తరువాత వీరాయి నడిపింది, పని పోయింది వీరాయిది అన్నాను. చక్రాల మూత లేదని కూడా చెప్పాను. అది మీ ఇద్దరిలో ఎవరూ నన్ను చెప్పమనలేదు, నేనే చెప్పాను. వేళ్ళు ఏమయ్యాయని ఎవరో అడిగారు. పోయాయి అన్నాను. చార్టు చుట్టేశాను.

జెబరాజ్ వాళ్ళ నాన్నకు ఈ సంగతి చెప్తానన్నాడు. చెప్పుకోమన్నాను.

మార్కులు పద్దెనిమిది. సమయం దాటానని నాలుగు తీసేసింది. ఆధార గ్రంథాల పట్టికకు ఇంకో మూడు. అందులో ‘వీరాయి, కరువలూరు’ అని రాశాను. పక్కన ఎర్ర సిరాతో ‘ప్రచురణకర్త ఎవరు? పేజీ సంఖ్య?’ అని రాసింది. ఆమెతో వాదించే ఓపిక నాకు లేదు. 

చివర ఎప్పటి మాదిరే "అర్థమయిందా?" అని అడిగింది. తలలు ఊగబోయి ఆగాయి. కాళి లేచి "సగం అర్థం కాలేదు మేడమ్" అంది. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి "అమ్మయ్య, ఇప్పటికి ఒకరు చెప్పారు" అని, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. గంట కొట్టినా వదల్లేదు. మా బస్సు పోయింది.

వీరాయమ్మకు చదవటం రాదు. ఇది నువ్వే ఆమెకు తెలియజెయ్యాలి. వరస మార్చకుండా.

యువరాణి


అన్నూరు,
ఏప్రిల్ 6

రాణికి,

పద్దెనిమిదేనా? మిగతా ఏడు ఎవరు తిన్నారు? ఆ మేడమ్ ఒకసారి అన్నూరు వస్తే వీరాయి పేజీ సంఖ్య నేను చూపిస్తాను.

శబరికి చెప్పినాను. మూడు వారాలుగా మాట్లాడటం లేదు. మాట్లాడినా నాకు వినపడదు గనుక పెద్ద తేడా లేదు. కాని తిండి దగ్గర కూర్చుని నా చెయ్యి చూస్తాడు. చూడనీ.

నిన్న నీ ఉత్తరం తీసుకుని కరువలూరు పోయినాను. మళ్ళీ "ఎవరు చచ్చినారు?" అనే అంది. ఉత్తరం విప్పి ముందర కూర్చున్నాను. ఒక్కొక్క వాక్యమూ చదువుకుని, చేతులతో చెప్పినాను. ప్రొజెక్టర్‌కు మా దగ్గర గుర్తు లేదు, కరెంటు పోయింది అని చెప్పి ముందుకు పోయినాను. బెంచీ దగ్గరికి వచ్చినాక ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. మళ్ళీ చెప్పమంది. వీరాయి అడిగింది, తంగమ్మాళ్ జవాబు చెప్పింది, తరువాత వీరాయి నడిపింది. మూడుసార్లు చెప్పించింది. పక్కింటివాళ్ళు ఇద్దరు వచ్చి నిలబడినాక నాలుగోసారి నోటితో గట్టిగా చెప్పమంది. చెప్పినాను. నా గొంతు ఎంత గట్టిగా ఉందో నాకు తెలియదు, వీధి చివర కుక్కలు లేచినాయి.

చక్రాల మూత మాట చెప్పినప్పుడు "ఆ పిల్లకు బుద్ధి ఉంది" అంది. నీకు ఆమె చెప్పిన మంచి మాట అదొక్కటే, దాచుకో.

తరువాత నేను బస్సుకు లేద్దామని ఉత్తరం మడుస్తున్నాను. ఆమె నా ఎదురుగా నిలబడి అరచెయ్యి పైకెత్తింది. నడపనా అని.

నా కుడి చెయ్యి అప్పుడే లేచింది. దాన్ని పట్టుకుని దించినాను. ఉత్తరం కింద పెట్టినాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను, ఎడమది కూడా. తల ఎత్తి ఆమె మొహం చూసినాను. ఆమె చెయ్యి దించకుండా కాచుకునే ఉంది. అప్పుడు నొసట రెండు వేళ్ళు పెట్టినాను.

లోపలికి పోయి పొయ్యి అంటించి టీ పెట్టింది. చక్కెర చాలలేదు. చెప్పినాను. "మళ్ళీ వచ్చేటప్పుడు తెచ్చుకో" అంది.

తంగమ్మాళ్